మాజ్డా బీపీ ఇంజిన్: టర్బోకు పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్ల ఎంపిక

టర్బో లేకుండా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇంజిన్‌కు తర్వాత టర్బోచార్జర్ బిగిస్తే, లోపల ఆ భారమంతా మోయవలసినవి పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు. ఈ పని మొదటిసారి తలపెట్టేవారు అమెరికాలో తరచు ఎంచుకునే కారు మాజ్డా ఎంఎక్స్-5, వాడుకలో మియాటా. 1994 నుంచి 2005 దాకా అందులో వచ్చిన 1.8 లీటర్ల బీపీ ఇంజిన్‌కు బోర్ 83 మి.మీ., స్ట్రోక్ 85 మి.మీ., నాలుగు సిలిండర్లకూ కలిపి 1839 సీసీ. బ్లాకు పోత ఇనుముతో చేసినది. ఇదే కుటుంబపు ఇంజిన్‌ను జపాన్‌లో ఫామిలియా జీటీ-ఆర్ కారుకు మాజ్డాయే టర్బోతో అమర్చింది. కాబట్టి బ్లాకు, క్రాంక్‌షాఫ్ట్ గట్టివే. మియాటా రాడ్లు మాత్రం సన్నవి. చక్రాల దగ్గర కొలిచిన శక్తి 250 హార్స్‌పవర్ దాటితే వాటిని నమ్మలేమని ఈ కార్లను కట్టేవారు సాధారణంగా అంటారు.

రాడ్‌ను వంచేది, తెంపేది

రాడ్ మీద రెండు బలాలు వేర్వేరుగా పనిచేస్తాయి. మొదటిది మండే వాయువు తోపు. సిలిండర్‌లో పీడనం 100 బార్‌కు చేరిన క్షణాన 83 మి.మీ. పిస్టన్ తల మీద సుమారు 5.5 టన్నుల బరువు పడినట్టే. టర్బో పెంచేది ఈ బలాన్నే. రెండోది జడత్వం. 7000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ పైకంటా వెళ్లి వెనుదిరిగేటప్పుడు దాని త్వరణం గురుత్వ త్వరణానికి 3000 రెట్లు దాటుతుంది. పిస్టన్, పిన్, రింగులు, రాడ్ పైభాగం కలిపి 600 గ్రాములనుకుంటే రాడ్‌ను సుమారు 1.8 టన్నుల బలం సాగదీస్తుంది. వేగం 8000కు చేరితే ఈ బలం మరో 30 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది.

అందుకే రాడ్ ఎంపికలో హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూడటం పొరపాటు. చిన్న టర్బో 3500 ఆర్‌పీఎం దగ్గరే పూర్తి బూస్ట్ (టర్బో నెట్టే అదనపు గాలి పీడనం) ఇచ్చి టార్క్‌ను ఒక్కసారిగా పైకి లేపుతుంది. రాడ్ వంగేది అక్కడ. అదే హార్స్‌పవర్‌ను పెద్ద టర్బో ఎక్కువ వేగం దగ్గర ఇస్తే రాడ్ మీద తోపు తక్కువగా ఉంటుంది, బోల్టుల మీద లాగుడు ఎక్కువవుతుంది. పాత రాడ్లతోనే కొన్నాళ్లు నడపాలనుకునేవారికి బూస్ట్ కంట్రోలర్‌తో తక్కువ వేగాల్లో టార్క్‌ను కట్టడి చేయడమే అన్నిటికన్నా చవకైన రక్షణ.

మార్చదలిస్తే 4340 ఉక్కుతో ఫోర్జ్ చేసిన హెచ్-బీమ్ రాడ్లు మొదటి ఇంజిన్‌కు చాలు. 4340లో నికెల్, క్రోమియం, మాలిబ్డినం ఉంటాయి. ఈగిల్, మాన్లీ వంటి సంస్థలు వీటిని బీపీ కొలతకే, అంటే కేంద్రం నుంచి కేంద్రానికి సుమారు 133 మి.మీ. పొడవుతో, చేస్తాయి. హెచ్-బీమా, ఐ-బీమా అన్న చర్చ కంటే బోల్టుల నాణ్యత ముఖ్యం. ఏఆర్‌పీ 2000 రకం బోల్టులు చదరపు అంగుళానికి 2,20,000 పౌండ్ల స్థాయి తన్యతా బలం గలవి. వాటిని టార్క్ రెంచ్ అంకెతో సరిపెట్టకుండా, ఎంత సాగాయో మైక్రోమీటర్ గేజ్‌తో కొలిచి బిగించాలి. టార్క్ అంకె రాపిడిని బట్టి మారుతుంది, సాగుదల మారదు.

పిస్టన్ లోహం

పిస్టన్‌ను చంపేది బూస్ట్ కాదు, నాకింగ్. మిశ్రమం వేళ కాని వేళ పేలితే ఆ అదురుకు ముందు విరిగేది రింగుల మధ్య ఉండే సన్నని గట్టు. పోత పిస్టన్ ఇక్కడ పెళుసుగా పగులుతుంది. ఫోర్జ్డ్ పిస్టన్ మరికాస్త ఓర్చుకుంటుంది, అంతే. ఇంధనం, ఇగ్నిషన్ టైమింగ్ సరిగా లేని ఇంజిన్‌ను ఏ పిస్టనూ కాపాడదు. డబ్బు పరిమితంగా ఉంటే ముందు మంచి ఈసీయూ, ఇంటర్‌కూలర్, అనుభవమున్న ట్యూనర్. పిస్టన్లు ఆ తర్వాతే.

ఫోర్జ్డ్ పిస్టన్లకు ఎక్కువగా వాడే అల్యూమినియం మిశ్రమాలు రెండు. 4032లో సిలికాన్ సుమారు 12 శాతం ఉంటుంది. వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది, అరుగుదలను తట్టుకుంటుంది. 2618లో సిలికాన్ నామమాత్రం. బలానికి రాగి, నికెల్, ఇనుము ఉంటాయి. వేడిలో బలం నిలుపుకోవడమే దీని ప్రత్యేకత. కాంకార్డ్ విమానం పైతొడుగుకు ఈ జాతి మిశ్రమాన్నే ఎంచుకున్నారు. ఇది ఎక్కువ వ్యాకోచిస్తుంది కనుక సిలిండర్ గోడతో ఎక్కువ ఖాళీ వదలాలి. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు వినిపించే టకటక శబ్దం ఆ ఖాళీ వల్లే, వేడెక్కాక తగ్గుతుంది. ఆ శబ్దం విని భయపడి ఖాళీ తగ్గించమనేవారు పిస్టన్ పట్టేసే ప్రమాదాన్ని కొనితెచ్చుకుంటారు. రోజువారీ వాడకానికి, మోస్తరు బూస్ట్‌కు 4032 సరిపోతుంది. ఎక్కువ బూస్ట్‌కు, రేస్ ట్రాక్‌కు 2618 వైపే మొగ్గాలి.

బీపీ కంప్రెషన్ నిష్పత్తి 1994–97లో 9.0, 1999–2000లో 9.5, ఆ తర్వాత 10.0. టర్బోకు అమ్మే పిస్టన్లు సాధారణంగా 8.6 లేదా 9.0 ఇస్తాయి. వీధిలో నడిచే కారుకు 9.0 మేలు. 8.6తో నాకింగ్‌కు కొంత వెసులుబాటు దొరుకుతుంది కానీ టర్బో పుంజుకునేలోపు కారు నీరసంగా కదులుతుంది. అమెరికా పంపుల మీద కనిపించే 93 ఆక్టేన్, మన దేశంలో వాడే ఆర్ఓఎన్ లెక్కలో సుమారు 98. అక్కడి ట్యూనింగ్ అంకెలను ఇక్కడి సాధారణ పెట్రోల్‌కు అలాగే వాడకూడదు.

బోర్, రింగులు

బోర్‌ను 84 మి.మీ.కు పెంచితే వచ్చేది 1884 సీసీ. ఆ 45 సీసీ కోసం గోడలు పలచన చేసుకోవడం దండగ. అరిగి ఉంటేనే రీబోర్, అదీ 83.5 మి.మీ.తో సరిపెట్టుకోవడం మంచిది. హోనింగ్ చేసేటప్పుడు హెడ్ బిగించినంత ఒత్తిడినిచ్చే టార్క్ ప్లేట్ బిగించి చేయాలి, లేకపోతే హెడ్ పెట్టాక బోర్ గుండ్రం తప్పుతుంది. పిస్టన్లు చేతికి వచ్చి, కొలిచాకే బోర్ తుది కొలతకు తేవాలి. రాడ్ పైకన్ను, పిస్టన్ పిన్ వ్యాసాలు కలవాలి కాబట్టి రెండూ ఒకే చోట కొంటే తంటా తగ్గుతుంది.

టర్బో వేడికి రింగు ఎక్కువ సాగుతుంది. దాని చివరలు కలిసిపోతే గట్టు విరుగుతుంది. 83 మి.మీ. బోర్‌లో పై రింగు చివరల మధ్య ఖాళీ సాధారణంగా 0.42 నుంచి 0.50 మి.మీ. మధ్య ఉంచుతారు. రెండో రింగుకు అంతకన్నా కొంచెం ఎక్కువ వదిలితే రెండింటి మధ్య చిక్కిన వాయువు కిందికి జారిపోతుంది. ఖాళీ కాస్త ఎక్కువైతే కొంచెం ఆయిల్ తాగుతుంది, తక్కువైతే పిస్టన్ పోతుంది.