ఉప్పుకల్లు, జెనో బాణం, అల్లామా ఇఖ్బాల్

మా సంతబొమ్మాళి పక్కనే నౌపడ, ఉప్పు మడుల ఊరు. అక్కడి ఉప్పుకల్లు ఒకటి తీసి విరిస్తే రెండవుతుంది. ఆ ముక్కనూ విరిస్తే? ఈ విరగడం ఎక్కడైనా ఆగుతుందా? చిన్నపిల్లల సవాల్‌లా ఉంది కదా! రియాజీ (గణితం), ఫల్సఫా రెండూ శతాబ్దాలుగా తలపట్టుకున్న సవాల్ ఇదే.

ఎగిరే బాణం ప్రతి క్షణం ఏదో ఒక చోటే ఉంటుంది, మరి కదిలేదెప్పుడు అని గ్రీకు జెనో అడిగాడు. అష్అరీ ఉలమా, విరగడానికి హద్దు ఉందన్నారు. ఇక విరగని రేణువులే ‘జవాహిర్’. వాటిని అల్లాహ్ క్షణక్షణం కొత్తగా ఖల్ఖ్ చేస్తుంటాడు. అంటే లెక్కలోని ఆఖరి ముక్క మీద అఖీదాకు దలీల్ కట్టారు. స్పెయిన్‌కు చెందిన ఇబ్న్ హజ్మ్ దీన్ని ఒప్పుకోలేదు.

19వ శతాబ్దంలో జర్మనీలో కాంటర్ అనంతాన్నే లెక్కలోకి తెచ్చాడు. గీత మీద ఏ రెండు బిందువుల మధ్యనైనా లెక్కలేనన్ని బిందువులు. దీనితో జెనో చిక్కు వీడిందన్నాడు ఇంగ్లాండ్ రసెల్. కాలం ఒక ప్రవాహం, ముక్కలు కోసి అతికితే కదలిక రాదన్నాడు ఫ్రాన్స్ బెర్గ్‌సన్.

1929 జనవరిలో అల్లామా ఇఖ్బాల్ మద్రాసు వచ్చి ఖుత్బాలు ఇచ్చారు. అప్పట్లో మా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే, గంజాం జిల్లాలో ఉండేది. తర్వాత ఆయన హైదరాబాద్ కూడా వెళ్లారు. 1930లో కితాబుగా వచ్చిన ఆ ఖుత్బాల్లో ఈ బహస్ అంతా ఉంది. కాంటర్ లెక్క కదలికను బయటి నుంచి చూసిన తస్వీర్‌కే సరిపోతుంది, కదలిక అనే అమల్‌కు కాదు అన్నది ఆయన మాట. లెక్కను తోసేయలేదు, దాని హద్దు చూపారు. అలాగని బెర్గ్‌సన్‌నూ పూర్తిగా ఒప్పుకోలేదు. మఖ్సద్ లేని ప్రవాహం ఆయనకు నచ్చలేదు.

హైదరాబాద్‌లో ఈ బహస్‌ను ముందుకు తీసుకెళ్లిన రియాజీదాన్ రజీయుద్దీన్ సిద్దీఖీ. ఉర్దూలో చదువు చెప్పిన ఉస్మానియాలో చదివి, జర్మనీలో హైజెన్‌బర్గ్ దగ్గర డాక్టరేట్ చేసి, మళ్లీ ఉస్మానియాలోనే పాఠాలు చెప్పారు. సాపేక్షత మీద, ఇఖ్బాల్ ‘జమాన్-ఓ-మకాన్’ మీద ఉర్దూలో రాశారు.

అఫ్సోస్ ఏమిటంటే, ఇదంతా ఉర్దూ, ఇంగ్లీషుల్లోనే ఉండిపోయింది. తెలుగులో చదువుకునే మన నౌజవాన్లకు చేరింది మాత్రం అంకెల మోజిజాల వీడియోలు. “భాయ్, లెక్కతో ఖుదాను సాబిత్ చేయొచ్చట కదా?” అని అడుగుతుంటారు. నా జవాబు ఈ తారీఖ్‌లోనే ఉంది. జవాహిర్ మీద కట్టిన దలీల్ కొత్త రియాజీ రాగానే కదిలింది. ఈమాన్ మాత్రం నిలిచింది, ఎందుకంటే అది ఆ లెక్క మీద ఆధారపడి లేదు. ఈనాటి లెక్కకు ఈమాన్‌ను కట్టేస్తే, రేపు ఆ లెక్క మారినప్పుడు ఏం చేస్తాం?