4.3 స్వరలిపి: పిల్లల సంగీత పాఠం తెలుగు అక్షరాల్లోకి వచ్చిన తీరు

ఈ భాగం చదివిన తరువాత మీరు తెలుగు స్వరలిపి రూపొందిన క్రమాన్ని వివరించగలుగుతారు; దాని ప్రయోజనాన్ని, పరిమితిని గుర్తించగలుగుతారు.

4.3.1 పరిచయం

మీరు అల్లవరంలో ఒక పాపకు సంగీత పుస్తకం చదవడం నేర్పుతున్నారనుకోండి. 'సా' అనే స్వరాన్ని ఎంతసేపు పాడాలని ఆమె అడుగుతుంది. జవాబు ఆమెకు బడిలోనే తెలిసింది. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. స్వరలిపిలో 'స' ఒక అక్షరకాలం, 'సా' రెండు. అంటే ఓనమాలు వచ్చిన పిల్లకు స్వరలిపిలో సగం వచ్చినట్లే.

4.3.2 వినికిడి నుంచి అచ్చుకు

చాలాకాలం సంగీత విద్య గురుముఖంగానే సాగింది. సరళి, జంట వరుసలు, అలంకారాలు అనే అభ్యాసక్రమాన్ని సంప్రదాయం పురందరదాసుకు ఆపాదిస్తుంది. పిల్లలు వాటిని విని, తిరిగి పాడి కంఠస్థం చేసేవారు. గురువుకు దూరమైతే పాఠం ఆగిపోయేది.

పందొమ్మిదో శతాబ్ది చివర అచ్చుయంత్రం ఈ స్థితిని మార్చింది. మద్రాసులో తచ్చూరు సింగరాచార్యులు సోదరులు తెలుగు లిపిలో సంగీత పాఠ్యగ్రంథాలు ప్రచురించారు. అదే నగరంలో చిన్నస్వామి మొదలియారు 1892లో మన కృతులను పాశ్చాత్యుల ఐదు గీతల లిపిలో ముద్రించడం ప్రారంభించారు. ఆ లిపిని మనవాళ్లు కొత్తగా నేర్చుకోవాలి. పైగా మన 'స' గాయకుని శ్రుతిని బట్టి మారుతుంది. అందువల్ల పిల్లల పాఠానికి స్వరాక్షరాలే అనువుగా నిలిచాయి.

1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువరించారు. తమిళదేశంలో అచ్చయినా దాని లిపి తెలుగే. ముత్తుస్వామి దీక్షితుల వంశంలో శిష్యులకే పరిమితమైన కృతులు దాని ద్వారా చదువరులందరికీ అందాయి.

4.3.3 చదివే పద్ధతి

ఆదితాళంలో మొదటి సరళి వరుసను గమనించండి:

స రి గ మ | ప ద | ని స ||
స ని ద ప | మ గ | రి స ||

నిలువుగీత తాళాంగాన్ని, జంటగీత ఆవర్తనం ముగింపును చూపుతాయి. అక్షరంపై చుక్క తారస్థాయికి, కింద చుక్క మంద్రస్థాయికి గుర్తు. పై వరుసలో చివరి 'స', రెండో వరుసలో మొదటి 'స' తారస్థాయివి. అచ్చులో వాటిపై చుక్క ఉంటుంది. కామా ఒక అక్షరకాలం పొడిగింపు. స్వరాలపై అడ్డగీత వేగాన్ని రెట్టింపు చేస్తుంది. పిల్లల చేత ముందు చేత్తో తాళం వేయించి, తరువాత చదివించండి.

4.3.4 లిపి చెప్పలేనిది

స్వరం ఎలా కదలాలో అక్షరం ఒక్కటే చెప్పలేదు. అందుకే సుబ్బరామ దీక్షితులు కంపితం, స్ఫురితం, జారు వంటి గమకాలకు ప్రత్యేక గుర్తులు వాడారు. అయినా గుర్తును చూసి గమకం పలకాలంటే ముందు దానిని చెవి విని ఉండాలి.

కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఇందుకు మంచి ఉదాహరణ. ఆయన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వద్ద గురుముఖంగా నేర్చుకున్నారు. 72 మేళకర్త రాగాల్లో తాను కూర్చిన కృతులను 'జనకరాగమంజరి' పేరిట పుస్తకంగా అందించారు. ఆయన జీవితంలో వినికిడి, పుస్తకం ఒకదానికొకటి తోడయ్యాయి.

4.3.5 సారాంశం

స్వరలిపి గురువుకు బదులు కాదు, జ్ఞాపకానికి ఆసరా. పాఠం మరచిన పిల్లకు తిరిగి అందుకునే దారి చూపుతుంది. గురువు ఇంటికి రోజూ వెళ్లలేని పల్లె పిల్లలకు ఆ ఆసరా మరింత అవసరం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. హ్రస్వ దీర్ఘాలు స్వరలిపిలో కాలాన్ని ఎలా సూచిస్తాయి?
2. గమక చిహ్నాలు ఉన్నా గురుముఖ విద్య ఎందుకు అవసరం? చర్చించండి.