విశాఖపట్టణపు దంతపు కుర్చీలు

పాత కుర్చీని బేరమాడువారు సామాన్యముగా దానిని ముందునుండి చూచెదరు. ఆరితేరినవారు తలక్రిందులు చేసి చూచెదరు. మెరుగు, చెక్కడము, దంతపు పువ్వులు – ఇవన్నియు చూపరుల కొరకు చేసినవి గనుక కల్లలాడగలవు. కూర్చుండు పలక అడుగుభాగమును, సొరుగు వెనుకనున్న చెక్కను ఎవరును చూడరను ధైర్యముతో పనివాడు నునుపు చేయక విడిచిపెట్టును. వస్తువు వయస్సు అచ్చట బయటపడును. ఈ పరీక్షను మన తీరమునకే చెందిన ఒక పనితనముతో ముడిపెట్టి చెప్పదలచినాము.

17వ శతాబ్ది చివర ఈస్టిండియా కంపెనీవారు విశాఖపట్టణమున వర్తకశాల నెలకొల్పినది బట్టల కొరకు. అయితే ఆ ఊరి కంసాలి శిల్పుల చేతిపని వారిని అంతకంతకు ఆకర్షించినది. 1756లో ఆ పట్టణమును చూచిన జాన్ కార్నీల్ అను సైనికోద్యోగి అచ్చటి అద్దకపు బట్టలతోపాటు పొదుగుపనిని కూడ ఎంతయో మెచ్చుకొని వ్రాసినాడు. తొలినాళ్ల పనిలో రోజ్‌వుడ్ అని పిలువబడు ఇరుగుడు చేవను తొలిచి, అందులో దంతపు ముక్కలను పొదిగెడివారు. దంతముపై సన్నని గీతలు గీసి వాటిలో నల్లలక్క నింపెడివారు. తరువాతి తరమువారు మరియొక అడుగు వేసి, కొయ్య కనబడకుండ దంతపు పలుచని రేకులనే అంతటను అతికినారు. కుర్చీ ఆకృతి లండను వడ్రంగులది. అంచున ప్రాకు తీగ మన అద్దకపు దుప్పట్లది.

ఇట్టి కుర్చీలు, సోఫాలు కొన్ని చెన్నపట్టణపు సెంట్ జార్జి కోట గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ వించ్ ఇంగ్లండుకు తీసికొనిపోయినాడు. ఆయన మరణానంతరము 1781లో జరిగిన వేలములో మూడవ జార్జి రాజు వాటిని తన రాణి షార్లెట్ కొరకు కొనినాడు. రాణి గతించిన పిమ్మట 1819లో అవి మరల వేలమునకు వచ్చినవి. అప్పుడు రాణి కుమారుడే వాటిని కొనినాడు. నేటికిని అవి ఆ రాజవంశపు సేకరణలో ఉన్నవి. చేతులు మారిన ప్రతి పర్యాయమునకును ఆధారము కలదు. పాత వస్తువునకు విలువ నిచ్చునది చాలవరకు ఇట్టి ఆధారమే. కొనినవారి పేర్లు ఇంత భద్రముగా మిగిలినవి; చేసినవారి పేర్లు మాత్రము మనకు దక్కలేదు.

ఆధారము వేరు, వదంతి వేరు. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన పిమ్మట దంతపు కుర్చీలెన్నియో టిప్పు సుల్తానువిగా చెలామణి అయినవి. ముర్షిదాబాదులో చేసినవి సైతము ఆ పేరును పొందినవి. పేరు పెద్దదైన కొలది పరీక్ష గట్టిగా ఉండవలెను!

ఇక దంతపు వస్తువును కొనవలెనను ఆశ వలదు. వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1986, 1991 సంవత్సరములలో జరిగిన సవరణలు మన దేశమున దంతపు వ్యాపారమును నిషేధించినవి. బ్రిటనులోను 2022 నుండి కొద్ది మినహాయింపులతో అదే నిషేధము అమలులో ఉన్నది. వారసత్వముగా వచ్చిన పెట్టె ఇంట నున్నవారికి దంతమా, ఎముకయా అని తెలిసిన చాలును. ఎముకలో నెత్తురు నడచిన సన్నని రంధ్రములు నల్లని చుక్కలవలె కనబడును. ఏనుగు దంతమున అవి యుండవు. అడ్డకోతలో ఒకదానినొకటి ఖండించు వంపుగీతలుండును.

కొనదగినవి టేకు, ఇరుగుడు చేవల బీరువాలు, మేజాలు. చేతిరంపము విడిచిన గాట్లు తిన్నగా నుండును. యంత్రపు చక్రరంపము విడిచినవి విల్లువలె వంగియుండును. 19వ శతాబ్ది నడుమకు ముందటి మరమేకుల కొసలు మొద్దుగా నుండును, తలపై గాడి సరిగా మధ్యన నుండదు. వాడికొస మరమేకులున్న వస్తువును 1750 నాటిదని చెప్పినచో కారణమడుగుడు; తరువాత ఎవరైన మరమ్మతు చేసియుండవచ్చును, లేదా వయస్సే కల్ల కావచ్చును. గుండ్రని మేజాపై కొలనూలు రెండు వైపుల పెట్టి చూడుడు. కొయ్య ఏండ్లు గడచిన కొలది పేళ్లకు అడ్డముగా కుదించుకొనును గాని పొడవున అంతగా కుదించుకొనదు. అందువలన నిజముగా పాతదైన పలక కొంచెము కోలగా మారును. రెండు కొలతలును వెంట్రుకవాసి తేడా లేక సరిపోయినచో మాకు సంతోషము కన్న అనుమానమే ఎక్కువ కలుగును.

అమ్మువారికి మాత్రము ఈ తెలివి మరింత అవసరము. తాతలనాటి భోషాణమును ఇల్లు మారునప్పుడు పాతసామానువానికి కారుచౌకగా ఇచ్చివేయు కుటుంబములు నేటికిని కలవు. మరికొందరు అమ్మకమునకు ముందు గీకించి క్రొత్త పాలిషు పట్టింతురు. దానితో నూరేండ్ల వన్నె ఒక్క పూటలో పోవును. నూరేండ్లు దాటిన కళావస్తువును సొంతముగా విదేశమునకు పంపుటను 1972 నాటి చట్టము నిషేధించుచున్నది గనుక, ఆ మాటపై ధర పెంచు దళారిని నమ్మరాదు. అమ్మదలచినచో ముందుగా సొరుగులన్నియు పూర్తిగా వెలికి లాగి చూడుడు. లోపల చేసినవారి చీటీయో, సుద్దతో వ్రాసిన అంకెయో ఉన్నచో తుడువక, అది అచ్చట నుండగనే ఫొటో తీయించుడు.