గుత్తి సీమలో సంఘాన్ని నిలబెట్టిన ఉపదేశులు

మా గుత్తి ప్రాంతంలో క్రైస్తవ సంఘం ఎట్లా పెరిగిందో చెప్పాలంటే పసిఫిక్ సముద్రంలోని తాహితి దీవి నుంచి మొదలుపెట్టాలి. ఆ దీవికి పాదిరీలను పంపిందీ, మా మెట్టనేలకు పంపిందీ ఒకే సంస్థ. అది 1795లో పుట్టిన లండన్ మిషనరీ సొసైటీ. మా పెద్దలు దాన్ని ‘లండన్ మిషన్’ అనేవాళ్లు.

1796లో డఫ్ అనే ఓడ ముప్పై మంది మిషనరీలతో బయలుదేరి మరుసటి ఏడాది మార్చిలో తాహితి చేరింది. వాళ్లలో బోధకులుగా అభిషేకం పొందినవాళ్లు నలుగురే. తక్కినవాళ్లలో వడ్రంగులు, నేతగాళ్లు, మేస్త్రులు ఉన్నారు. తర్వాత తాహితి భాషలోకి బైబిలు తెచ్చిన హెన్రీ నాట్ కూడా ఇటుక పని చేసే మేస్త్రే. చాలా ఏళ్లు అక్కడ వాళ్ల మాట పెద్దగా ఎవరూ వినలేదు. 1815లో తాహితి రాజు రెండో పొమారే యుద్ధంలో గెలిచాక దీవి దీవంతా రాజు వెంట నడిచింది. 1819లో రాజు బాప్తిస్మం పుచ్చుకున్నాడు.

నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి కథ. 1821లో రాయతేయా దీవి సంఘం నుంచి పపేయిహా అనే దీవివాసి ఐతుటాకీ దీవికి వెళ్లాడు. 1823లో రరొటొంగాకు పోయాడు. తెల్లదొరలు ఓడలో వెనుదిరిగితే, ఒడ్డున దిగి ఆ జనంలోనే ఉండిపోయి సంఘాన్ని కట్టినవాడు ఆయన.

మన వైపు లండన్ మిషన్ 1805లో విశాఖపట్నంలో అడుగుపెట్టింది. 1810లో జాన్ హ్యాండ్స్ బళ్లారికి వచ్చాడు. అప్పటికి మా ఊళ్లన్నీ బళ్లారి జిల్లాలోవే. అనంతపురం వేరు జిల్లా అయింది 1882లో. హ్యాండ్స్ కన్నడంలోకి బైబిలు అనువదించాడు. బళ్లారిలో బడులు, అచ్చుకూటం వచ్చాయి. అయినా గుత్తి చుట్టుపక్కల పల్లెల దాకా ఆ పని రావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. 1880ల మొదట్లో ఒక పాదిరి గుత్తిలో కాపురం పెట్టాడు. 1890లో అనంతపురంలో మిషన్ ఏర్పడింది.

అంతకుముందే 1876–78 నాటి ధాత కరువు సీమను తుడిచిపెట్టి పోయింది. ‘గంజి కోసం మతం మారినారు’ అనే మాట ఇప్పటికీ వింటుంటాం. నేను ఆ మాట ఒప్పుకోను. పక్క కడప జిల్లాలో మాలపల్లెలు గుంపుగా సంఘంలో చేరడం మొదలైంది 1851లో, అంటే ధాత కరువుకు పాతికేళ్లు ముందు. కరువు పోయి గంజి ఆగిపోయాక కూడా అప్పుడు చేరినవాళ్లలో చాలామంది వెనక్కి పోలేదు. ఆకలి ఒక్కటే కారణమైతే వాళ్లు ఎందుకు నిలబడతారు?

తాహితిలో రాజు చెప్పినాడు, జనం మారినారు. ఇక్కడ రాజు లేడు. ఊరివాళ్లు తమ బావిలో చేద వేయనివ్వని, తమ బడి గడప తొక్కనివ్వని మాలపల్లె ఉంది. ఆ పల్లెలో పెద్దమనుషులు రాత్రిపూట కూర్చుని మాట్లాడుకుని, ‘చేరితే అందరం చేరుదాం’ అనుకునేవాళ్లు. ఒక్కడే చేరితే పెళ్లి సంబంధాలు తెగుతాయి, కూలి పోతుంది. పల్లె పల్లెంతా కలిసి చేరితే కట్టు తప్పదు. పాదిరిని అడిగింది ముందుగా బడి పెట్టమని, ఒక ఉపదేశిని ఇమ్మని.

ఆ ఉపదేశి గురించి రాయాలనే ఈ వ్యాసం. జీతం కొంచెం. పగలు పిల్లలకు ఓనమాలు, ఎక్కాలు. చేలో కూలికి పోయినవాళ్లు తిరిగొచ్చి సంగటి తిన్నాక, రాత్రి దీపం పెట్టి ప్రార్థన. వేపచెట్టు కొమ్మకు రైలుపట్టా ముక్క వేలాడదీసి, ఇనుప కడ్డీతో కొడితే అదే గంట. జబ్బు చేసినవాళ్లకు మందు ఇప్పించేదీ, తాలూకా కచేరీకి అర్జీ రాసిపెట్టేదీ ఆయనే. ఆడవాళ్లు వంటకు కొలిచేటప్పుడు పిడికెడు గింజలు పక్కకు తీసి గుడికి ఇచ్చేవాళ్లు. కోత పండుగకు జొన్నలు, కొర్రలు, కోళ్లు తెచ్చి అర్పించి వేలం వేసేవాళ్లు. వాన తప్పిన ఏడాది ఆ పండుగకు గుడిలో ఏముంటుందో సీమవాళ్లకు చెప్పనక్కర్లేదు. పాదిరి దొర గుర్రమెక్కి ఎప్పుడో ఒకసారి వచ్చి చూసిపోయేవాడు. తక్కిన రోజులన్నీ సంఘాన్ని కాచింది ఉపదేశే.

దొరల్లోనూ గొప్పవాళ్లున్నారు. ఐర్లాండ్ నుంచి వచ్చిన హోవర్డ్ క్యాంబెల్ తెలుగు బాగా నేర్చుకుని వేమన మీద వ్యాసం రాశాడు. 1900లో అనంతపురం దగ్గర కలివికోడిని చూసి నమోదు చేసిందీ ఆయనే. 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్లీ కనబడేదాకా ఆ పిట్ట అంతరించిందనే అనుకున్నారు. ఆయన పేరు అటు మిషన్ చరిత్రలో ఉంది, ఇటు పక్షి శాస్త్రంలోనూ ఉంది. ఉండాలి కూడా. పపేయిహా పేరు కూడా పసిఫిక్ చరిత్రలో నిలిచింది. మా ఉపదేశుల పేర్లు మాత్రం ఏ పుస్తకంలోనూ సరిగా లేవు.

1908లో లండన్ మిషన్ సంఘాలు దక్షిణ ఇండియా ఐక్య సంఘంలో చేరాయి. 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడింది. 1950లో రాయలసీమ డయోసిస్ వచ్చింది. అదే 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా దక్కలేదు. దాంతో తాతముత్తాతల బాప్తిస్మం సంగతి బయటికి చెప్పుకోవడానికే చాలా ఇళ్లు జంకాయి. ఉపదేశుల పేర్లు మరుగున పడడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

గుత్తి, తాడిపత్రి, ఉరవకొండ, అనంతపురం వైపు సంఘాల్లో పాత బాప్తిస్మపు రిజిస్టర్లు, పెళ్లి రిజిస్టర్లు చెదలు పట్టకముందే తీసి చూడండి. మీ పల్లెలో మొదటి ఉపదేశి ఎవరో, ఏ ఊరి నుంచి వచ్చాడో, ఎవరెవరికి అక్షరాలు దిద్దించాడో ఇంట్లో ముసలివాళ్లను అడిగి రాసిపెట్టండి. రాసినదాన్ని ఒక ప్రతి సంఘంలో, ఇంకో ప్రతి ఊరి గ్రంథాలయంలో ఉంచండి.