ఒక్క తాకిడి

ఎముక లేదు, చెయ్యి లేదు, కాలూ లేదు. జానెడు మెత్తటి ఒళ్ళు. నువ్విప్పుడు ట్రైటోనియావి, అమెరికాలోని వాషింగ్టన్ తీరాన చల్లటి సముద్రపు అడుగున పాకే నత్తజాతి జీవివి. గుల్ల కూడా లేదు.

నీళ్ళలో సీ పెన్ వాసన. నీ తిండి అదే, ఇసుకలో గుచ్చిన ఈకలా నిలబడి ఉంటుంది. అటే పాకుతున్నావు. చిత్రం, ఈ పాకుడులో కండరానికి పెద్ద పని లేదు. పాదం అంటే నీ ఒంటి అడుగుభాగమే, దాని కింద కంటికానని నూగు ఊగుతుంటే ఒళ్ళు జారుతోంది. కొరకడానికి మాత్రం కండరం కావాలి. తగిలితే చాలు, సీ పెన్ ఇసుకలోకి ముడుచుకుపోతుంది. మీదపడి ఒక్క కొరుకు కొరకాలి.

నోరు తెరిచావు.

తోకకి ఏదో తగిలింది. రాయా? అయితే ఆ చోటు కాస్త ముడుచుకుంటే సరి, భోజనం మానక్కర్లేదు.

మళ్ళీ తగిలింది. అంటుకుంది.

సన్‌ఫ్లవర్ స్టార్ అనే నక్షత్రచేప! ఇరవై దాకా చేతులు, వాటి కింద వరసలుగా పట్టుకునే గొట్టం కాళ్ళు.

తిండి వదిలెయ్. కొమ్ములు లోపలికి. మొప్పలు లోపలికి. ఒళ్ళు సాగింది. చదునైంది.

వంగు!

వీపు కండరాలు బిగిశాయి.

ఇప్పుడు పొట్టవి.

వీపు.

పొట్ట.

నేల వదిలావు. స్టార్ పట్టు జారింది. ఇక నిన్నేదీ తాకడం లేదు, అయినా ఈత ఆగదేం?

తాళం వేస్తున్నది మెదడు. అందులో వీపు జట్టు కణాలు మోగుతూ మోగుతూ పొట్ట జట్టుని లేపుతాయి. లేచిన జట్టు వీపు జట్టు నోరు మూయిస్తుంది. పొట్ట జట్టు అలిసిందా, మళ్ళీ వీపు జట్టు వంతు. వీటి మాట మోసే నరాలు వేరే ఉన్నాయి, అవే కండరాన్ని బిగిస్తాయి. కండరానికి లెక్క తెలీదు. ఈ మెదడునే విడిగా గాజుగిన్నెలో పెట్టి నరానికి కరెంటు తాకిస్తే, వంగడానికి ఒళ్ళు లేకపోయినా ఇదే తాళం వేస్తుంది. ఇందులో కొన్ని కణాలు మామూలు కంటికే కనిపించేటంత పెద్దవి, నారింజరంగువి. వాటిని ఒక్కొక్కటిగా గుచ్చి కదిలిస్తే ఒళ్ళు కదులుతుందని డెన్నిస్ విలోస్ అనే శాస్త్రవేత్త 1967లో ‘సైన్స్’ పత్రికలో రాశాడు.

వంపులు నెమ్మదించాయి. ఎటు పోవాలన్నది నీ చేతుల్లో లేదు, ప్రవాహం ఎటు తోస్తే అటే. బురదలో వాలావు. వీపు జట్టు మాత్రం ఇంకా సద్దుమణగలేదు. అది విడిచే సెరటోనిన్ అనే రసాయనానికి పాదం కింది నూగు హుషారెక్కింది. చాలాసేపు మామూలు కంటే జోరుగా పాకుతూనే ఉంటావు.