ఇనుము, అల్యూమినియం, కార్బన్... మధ్యలో దిల్‌సుఖ్‌నగర్

మౌంటెన్ బైక్ కొని ఏడేళ్ళయింది, ఇక కార్బన్ ఫ్రేముకి మారిపో అని ఆదివారాలు నాతో తొక్కే మిత్రులు పోరుపెడుతున్నారు. షాపువాడు చెప్పిన లెక్క అక్షరాలా 1,20,000 రూపాయలు. అంత డబ్బు పెట్టేముందు అసలీ ఫ్రేములు ఎక్కడ పుట్టాయి, ఎందుకు పుట్టాయి అని చదవడం మొదలుపెట్టాను. చదివాక నాకర్థమైంది ఏంటంటే, ప్రతి ఫ్రేమూ ఏదో ఒక దారి కోసమే పుట్టింది. మన దారేదో తేల్చుకోకుండా ఫ్రేము కొనడమంటే, రిక్వైర్‌మెంట్ తెలీకుండా కోడ్ రాయడమే.

మొదట ఇనుము సంగతి. ఇప్పుడు మనం సైకిల్ అంటున్న ఆకారం 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో వచ్చింది. జాన్ కెంప్ స్టార్లీ చేసిన 'రోవర్'. రెండు చక్రాలూ ఇంచుమించు ఒకే సైజు, వెనక చక్రానికి చైను. 1888లో డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు. అక్కడినుంచి మన దేశానికొచ్చిన బండి నల్లటి రోడ్‌స్టర్. స్వాతంత్ర్యం వచ్చాక దాన్ని మనమే చేసుకోవడం మొదలుపెట్టాం: 1949లో మద్రాసు దగ్గర టి.ఐ. సైకిల్స్, 1951లో సోనిపట్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో.

ఆ సైకిల్ బరువు దాదాపు 20 కిలోలు. ఇంత బరువేంటి అని ఇప్పుడు నవ్వుకుంటాం గానీ, అది డిజైన్ లోపం కాదండీ, రిక్వైర్‌మెంటే అది! వెనక క్యారియర్ మీద బియ్యం బస్తా, రెండు పక్కలా పాల క్యాన్లు, ముందు కడ్డీ మీద పిల్లాడు. బరువు మోయడానికి పుట్టిన బండి బరువుగానే ఉంటుంది. ఫ్రేము ఎక్కడైనా పగిలితే ఏ ఊళ్ళోనైనా గ్యాసు వెల్డింగు షాపుకి తీసుకెళ్తే చాలు, ఇత్తడి పోసి అతికించి, టీ తాగేలోపు చేతికిచ్చేవాళ్ళు.

ఆ నల్ల సైకిల్‌కి ఇంకో గుణం కూడా ఉండేది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. గోడకి ఆనించి వెళ్ళిపోతే అది ఎవరి కంటికీ ఆనదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ సైకిల్ చరిత్ర రాస్తే ఈ మాట దగ్గర ఆగకుండా ముందుకి పోలేం. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర పేలిన బాంబులని సైకిళ్ళకే కట్టి వదిలారు. 18 మంది పోయారు. బస్టాపుల్లో నిలబడ్డవాళ్ళు, టిఫిన్ తినడానికొచ్చినవాళ్ళు, కోచింగుల కోసం ఊళ్ళనుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటున్న పిల్లలు తిరిగే చోటది. ఎవరూ చూడని వస్తువు కాబట్టే దాన్ని ఎంచుకుని ఉంటారని నా ఊహ.

సరే, మౌంటెన్ బైక్ దగ్గరికొద్దాం. ఇది ఏ కంపెనీ లాబ్‌లోనూ పుట్టలేదు. 1970ల్లో కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీలో కొంతమంది కుర్రాళ్ళు, పేపర్లేసేవాళ్ళు వాడి పడేసిన పాత ష్విన్ ఇనప సైకిళ్ళకి లావు టైర్లేసి కొండల మీదనుంచి దింపడం మొదలుపెట్టారు. 1976లో ఫెయిర్‌ఫాక్స్ దగ్గర ఓ మట్టి దారిలో పందేలు పెట్టుకున్నారు. బ్రేకు వెనక హబ్బులోనే ఉండేది. కిందికి దిగేసరికి ఆ వేడికి గ్రీజంతా కాలి పొగలొచ్చేవి. మళ్ళీ గ్రీజు నింపాలి కాబట్టి ఆ దారికి 'రీప్యాక్' అనే పేరొచ్చింది. 1977లో జో బ్రీజ్ ఇలాంటి దారుల కోసమే క్రోమోలీ ఉక్కుతో కొత్త ఫ్రేము చేశాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ 'స్టంప్‌జంపర్' పేరుతో ఫ్యాక్టరీలో చేయించి అమ్మింది. మనకి చేరేసరికి హీరో రేంజర్ అయింది. లావు టైరున్న ప్రతి సైకిలూ మన ఊళ్ళలో 'రేంజర్ సైకిలే' కదా :)

అల్యూమినియం తర్వాత వచ్చింది. లెక్క సింపుల్. ఉక్కు సాంద్రత 7.8, అల్యూమినియంది 2.7. అంటే మూడో వంతు. ఐతే బిగువు కూడా మూడో వంతే. అందుకే అల్యూమినియం ఫ్రేముల గొట్టాలు లావుగా ఉంటాయి. లావు పెంచి బిగువు తెచ్చారన్నమాట. అమెరికాలో గ్యారీ క్లైన్ 1970ల్లో ఈ పని చేసి చూపించాడు, 1983లో క్యానన్‌డేల్ సైకిళ్ళు వచ్చాయి. నా బండి ఆ వంశానిదే.

ఇక కార్బన్. దీని పుట్టుకకీ సైకిల్‌కీ సంబంధం లేదు, ఇది విమానాల వస్తువు. 1960ల్లో జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు గట్టి కార్బన్ పోగులు చేయగలిగారు. రోల్స్‌రాయిస్ వాళ్ళు ఆర్‌బి211 జెట్ ఇంజను ఫ్యాన్ రెక్కలని వీటితోనే చేద్దామనుకున్నారు. రెక్క తేలిక, గట్టిదనం అద్భుతం. కానీ పక్షి వచ్చి తగిలితే తట్టుకుంటుందా అని 1970లో చేసిన పరీక్షలో రెక్కలు నిలవలేదు. చివరికి టైటానియంకి మారారు. ఆ ఇంజను ఖర్చులు పెరిగి పెరిగి 1971 ఫిబ్రవరిలో అంత పెద్ద కంపెనీ దివాలా తీసింది. దివాలాకి రెక్కలొక్కటే కారణం కాదు గానీ, కార్బన్ స్వభావం మాత్రం అక్కడే బయటపడింది. లాగితే తట్టుకుంటుంది, ఏళ్ళ తరబడి ఊగినా అలసిపోదు, కానీ పక్కనుంచి ఏ రాయో ఠపీమని తగిలితే లోపల పొరలు విడిపోవచ్చు. పైకి గీతే కనిపిస్తుంది.

సైకిళ్ళలోకి అది 1986లో గట్టిగా వచ్చింది. ఆ ఏడాది గ్రెగ్ లెమాండ్ కార్బన్ గొట్టాల లుక్ సైకిల్ మీద టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. అదే ఏడాది కెస్ట్రెల్ కంపెనీ పూర్తి కార్బన్ ఫ్రేము తెచ్చింది. గంటలకొద్దీ కొండలెక్కి, చివర్లో సెకన్లలో గెలుపోటములు తేలే ఆటలో గ్రాములకి విలువ ఉంది. ఒప్పుకోవాల్సిందే.

మరి మనకి? దీనికి జవాబు నాకు మా పక్కనే దొరికింది. ఎల్.బి.నగర్ చౌరస్తా నుంచి చాంద్రాయణగుట్ట వైపు ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకుని పోతే కంచన్‌బాగ్ వస్తుంది. అక్కడి డి.ఆర్.డి.ఎల్.కి 1982లో అబ్దుల్ కలాం డైరెక్టరుగా వచ్చారు. 1989 మే 22న ఎగిరిన అగ్ని క్షిపణి ముక్కు భాగం కార్బన్-కార్బన్‌తో చేసింది. సైకిల్లోనూ అగ్నిలోనూ పోగు కార్బనే, పట్టి ఉంచే బంకే వేరు. సైకిల్లో ఎపాక్సీ రెసిన్, అగ్నిలో మళ్ళీ కార్బనే.

కలాం తన ఉపన్యాసాల్లో ఒక సంగతి చెప్పేవారు. నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టరు లాబ్‌కి వచ్చి ఆ తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశాడట. వెంటనే కలాంని ఆసుపత్రికి తీసుకెళ్ళి, మూడేసి కిలోల పైన బరువున్న లోహపు క్యాలిపర్లతో కాళ్ళీడుస్తున్న పిల్లలని చూపించాడట. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్ తయారైంది. పిల్లలు పరిగెత్తారు, తల్లిదండ్రుల కళ్ళలో నీళ్ళు.

తేలికదనం విలువ ఇక్కడ తెలుస్తుంది. ఆ పిల్లాడు అడుగడుగునా మోస్తున్న బరువు పదో వంతయింది. నా సంగతి చూడండి. నేను 70 కిలోలు, సైకిల్ 13, వీపు మీద ల్యాప్‌టాప్ బ్యాగు 3. మొత్తం 86. కార్బన్ ఫ్రేముతో తగ్గేది సుమారు 600 గ్రాములు, అంటే నూటికి ఒక వంతు కూడా కాదు. 100 మీటర్ల ఎత్తు ఎక్కినప్పుడు మిగిలే శక్తి 590 జౌళ్ళు. మన ఒంటి సామర్థ్యం పాతిక శాతం అనుకుంటే, అర క్యాలరీ పైన ఇంకాస్త. ఇడ్లీలో డెబ్బయ్యో వంతు! అదీ దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో స్తంభాల పక్కన, ఆటోల మధ్య, ఆగుతూ పోయే దారిలో.

ఇంకోటి. ఫ్రేము మార్చడమంటే ఫ్రేమొక్కటే మార్చడం కాదు. ఇప్పటి ఫ్రేములకి వెనక హబ్బు వెడల్పు వేరు, ఫోర్కు గొట్టం వేరు, పెడళ్ళ దగ్గర బేరింగులు వేరు. మదర్‌బోర్డు మార్చబోయి ప్రాసెసరూ ర్యామూ కొన్నట్టు ఉంటుంది. పగిలితే వెల్డింగు షాపు పనికిరాదు, ఆ పని తెలిసినవాళ్ళని వెతుక్కోవాలి. పైగా టిఫిన్ సెంటరు ముందు గోడకి ఆనించి లోపలికెళ్ళలేం. లక్ష రూపాయల సైకిల్ అందరి కంటికీ ఆనుతుంది మరి.

పందేలకి వెళ్ళేవాళ్ళు కార్బన్ కొనుక్కోండి, దివ్యంగా ఉంటుంది. నా మట్టుకు నేను తేల్చుకున్నాను. పాత అల్యూమినియం ఫ్రేమే ఉంటుంది. బొడిపెల టైర్లు తీసేసి రోడ్డు టైర్లు, కొత్త బ్రేకు ప్యాడ్లు, హయత్‌నగర్ వైపు చీకటితో బయల్దేరినప్పుడు లారీవాళ్ళకి కనబడేలా వెనక మంచి లైటు. పదివేలు దాటదు. ఇంకో ఎనిమిది వేలు పెట్టి మా తమ్ముడికి మామూలు ఇనప సైకిల్ కొంటున్నాను. గ్రూప్స్ కోచింగని వచ్చి చైతన్యపురి హాస్టల్లో ఉంటున్నాడు, రోజూ నడిచే పోతున్నాడు. గేర్లున్నది కావాలా అని అడిగితే, "క్యారియర్ ఉన్నది చాలన్నా" అన్నాడు.