బావి తవ్వకముందే పెరిగే షేరు: సముద్ర చమురు అన్వేషణ కంపెనీల్లో చిన్న మదుపరి ఏం చూడాలి?

సముద్రం అడుగున చమురు వెతికే కంపెనీ షేరు మామూలు షేరు లాంటిది కాదు. సబ్బుల కంపెనీకి అమ్మకాలు ఉంటాయి, బ్యాంకుకు వడ్డీ ఆదాయం ఉంటుంది. చిన్న అన్వేషణ కంపెనీకి చాలాసార్లు అమ్మడానికి ఏమీ ఉండదు. చేతిలో ఉండేవి ఒక లైసెన్సు, సముద్ర పటం మీద గీసిన ఒక గడి, బ్యాంకులో కొంత నగదు, అంతే. మిగతాదంతా ఆశ. ఆ ఆశకే మార్కెట్ రోజూ ధర కడుతుంది.

ఈ షేర్లను వెంటాడేవాళ్లలో చిన్న మదుపరులు ఎక్కువ. పెద్ద ఫండ్లు పది చోట్ల డబ్బు పెట్టి, ఒక చోట పోతే ఇంకో చోట రాబట్టుకుంటాయి. జీతంలో మిగిల్చిన డబ్బులు ఒకే బావి మీద పెట్టినవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. అందుకే ఈ కంపెనీలు ఎలా నడుస్తాయో, వాటి ప్రకటనల్లో ఏ మాటకు ఏ అర్థమో తెలుసుకోవడం అవసరం. దీనికి ఇప్పటికీ బాగా పనికొచ్చే ఉదాహరణ 2010లో ఫాక్‌లాండ్ దీవుల దగ్గర జరిగింది.

ఒకే సముద్రం, ఒకే రిగ్, రెండు కంపెనీలు

ఫాక్‌లాండ్ దీవులు దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, అర్జెంటీనాకు తూర్పున ఉంటాయి. పాలన బ్రిటన్‌ది. అవి తమవేనని అర్జెంటీనా అంటుంది. 1982లో రెండు దేశాల మధ్య యుద్ధం కూడా జరిగింది. 1998లో షెల్ వంటి పెద్ద కంపెనీలు ఈ దీవుల ఉత్తరాన ఆరు బావులు తవ్వాయి. చమురు జాడలు కనిపించాయి కానీ లాభంగా తీయగలిగినంత దొరకలేదు. అప్పట్లో బ్యారెల్ ధర 10 డాలర్ల దగ్గరకు పడిపోవడంతో పెద్దవాళ్లు వెళ్లిపోయారు.

వాళ్లు వదిలిన చోట చిన్న కంపెనీలు మిగిలాయి. వాటిలో రెండు డిజైర్ పెట్రోలియం, రాక్‌హాపర్ ఎక్స్‌ప్లొరేషన్. రెండూ లండన్‌లోని ఎయిమ్ మార్కెట్‌లో నమోదైనవే. 1995లో మొదలైన ఎయిమ్ చిన్న కంపెనీల కోసం పెట్టిన మార్కెట్, అక్కడ ప్రధాన మార్కెట్ కంటే నిబంధనలు తేలిక. ఓషన్ గార్డియన్ అనే రిగ్‌ను స్కాట్లాండ్ నుంచి నెలల తరబడి లాక్కొచ్చి 2010 ఫిబ్రవరిలో తవ్వకం మొదలుపెట్టారు. ఆ ఏడాది రెండు కంపెనీల బావులనూ తవ్వింది ఆ రిగ్గే.

మొదట డిజైర్ వంతు. లిజ్ అని పేరు పెట్టిన బావి ఫలితం మార్చి చివర్లో వచ్చింది. దొరికిన చమురు లాభసాటిగా తీయడానికి పనికిరాకపోవచ్చని కంపెనీ చెప్పగానే షేరు దాదాపు సగం పడిపోయింది.

మే నెలలో రాక్‌హాపర్ వంతు వచ్చింది. దీవులకు ఉత్తరాన సుమారు 220 కిలోమీటర్ల దూరంలో తవ్విన సీ లయన్ బావిలో చమురు దొరికిందని ప్రకటించింది. అప్పటికి 40 పెన్స్ లోపు ఉన్న షేరు ఒక్క రోజులోనే రెట్టింపు దాటింది. కొన్ని నెలల్లో సుమారు 500 పెన్స్ దాకా వెళ్లింది. వెయ్యి పౌండ్లు పెట్టినవాళ్ల డబ్బు కాగితం మీద పది వేలు దాటింది.

దీంతో పక్క గడిలో ఉన్న డిజైర్ మీద కూడా ఆశలు లేచాయి. డిసెంబర్ మొదట్లో రేచల్ నార్త్ అనే బావిలో చమురు ఉన్నట్టు డిజైర్ ప్రకటించింది. షేరు ఎగిరింది. కొద్ది రోజులైనా గడవకముందే, డిసెంబర్ 6న, ఇంకో ప్రకటన వచ్చింది. మరిన్ని పరీక్షలు చేసి చూస్తే లోపల ఉన్నది ఎక్కువగా నీళ్లేనని తేలిందట. షేరు ఒక్కసారిగా సగానికి పైగా కూలింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మొదటి ప్రకటన బావిలోకి దింపిన పరికరాలు పంపిన సంకేతాలను చదివి చెప్పింది. రెండోది లోపలి ద్రవం నమూనాలు చూశాక చెప్పింది. సంకేతం చూసి చెప్పడం వేరు, సరుకు చూసి చెప్పడం వేరు. మొదటి ప్రకటన రాగానే పరుగెత్తి కొన్నవాళ్లు ఎక్కువ నష్టపోయారు.

గెలిచినవాళ్లు నిజంగా గెలిచారా?

డిజైర్ కథ తొందరగానే ముగిసింది. 2013లో ఫాక్‌లాండ్ ఆయిల్ అండ్ గ్యాస్ అనే కంపెనీ దాన్ని కలుపుకుంది. 2016లో ఆ కంపెనీ కూడా రాక్‌హాపర్‌లో కలిసిపోయింది.

రాక్‌హాపర్‌కు చమురు నిజంగానే దొరికింది. కానీ సుమారు 450 మీటర్ల లోతు నీటి కింద ఉన్న చమురును బయటికి తీయాలంటే వందల కోట్ల డాలర్లు కావాలి. చిన్న కంపెనీకి అంత డబ్బు ఎక్కడిది? 2012లో ప్రీమియర్ ఆయిల్ 60 శాతం వాటా తీసుకుంది. నగదు, ఖర్చుల భారం కలిపి ఒప్పందం విలువ సుమారు 100 కోట్ల డాలర్లు. ఆ తర్వాత 2014లో చమురు ధర కూలింది, 2020లో కోవిడ్ వచ్చింది. 2021లో ప్రీమియర్ కలిసిపోయి ఏర్పడిన హార్బర్ ఎనర్జీ ఈ ప్రాజెక్టు తనకు వద్దంది. తర్వాత నవిటాస్ పెట్రోలియం ఆ వాటా తీసుకుంది.

2010లో చమురు దొరికితే, 15 ఏళ్లు గడిచినా సీ లయన్ నుంచి అమ్మకానికి ఒక్క బ్యారెల్ రాలేదు. 500 పెన్స్ దగ్గర కొన్నవాళ్ల షేరు 2020 నాటికి 10 పెన్స్ లోపు కూడా చూసింది. చమురు దొరకడం ఒకటి, దాని నుంచి వాటాదారుకు లాభం రావడం ఇంకొకటి. ఈ తేడా తెలియకే చాలామంది చేతులు కాల్చుకున్నారు.

మన కాకినాడ తీరంలో

ఇదంతా ఎక్కడో దూరదేశం సంగతి అనుకోవడానికి లేదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ దాదాపు ఇదే పాఠం కనిపిస్తుంది.

కాకినాడకు ఎదురుగా ఉన్న కేజీ-డీ6 గడి 2000లో రిలయన్స్‌కు దక్కింది. అందులో 10 శాతం వాటా కెనడా కంపెనీ నైకో రిసోర్సెస్‌ది. 2002లో భారీగా గ్యాస్ దొరికింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీస్తామన్నది ప్రణాళిక. 2010లో 6 కోట్లు దాటి, అక్కడి నుంచి కిందికే దిగింది. బావుల్లోకి నీళ్లు, ఇసుక వస్తున్నాయి, భూగర్భం అనుకున్నదానికంటే చిక్కుగా ఉంది అని కంపెనీ చెప్పింది. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అంది. వివాదం మధ్యవర్తిత్వం దాకా పోయింది. మొదట ఉత్పత్తి మొదలైన డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో ఆగిపోయాయి. ఆ ఏడాది డిసెంబర్‌లోనే అదే గడిలో కొత్త క్షేత్రం నుంచి ఉత్పత్తి మొదలైంది.

రిలయన్స్‌కు ఇంకా ఎన్నో వ్యాపారాలు ఉన్నాయి కాబట్టి తట్టుకుంది. నైకోకు ఆ 10 శాతమే ప్రధాన ఆస్తుల్లో ఒకటి. ఒకప్పుడు టొరంటో మార్కెట్‌లో 100 డాలర్లు దాటిన నైకో షేరు తర్వాతి ఏళ్లలో సెంట్ల స్థాయికి పడిపోయింది. గోదావరి ముఖద్వారం ఎప్పుడూ చూడని కెనడా మదుపరుల పొదుపు ఇక్కడి సముద్రంలో కరిగిపోయింది.

పక్కనే దీన్‌దయాళ్ క్షేత్రం ఉంది. ఇది అప్పట్లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీది. అక్కడ 20 ట్రిలియన్ ఘనపు అడుగుల గ్యాస్ ఉందని 2005లో అప్పటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ ప్రకటించారు. తర్వాత ఆమోదం పొందిన అభివృద్ధి ప్రణాళికలో లెక్క 2 ట్రిలియన్ లోపే తేలింది. సంస్థ అప్పులు సుమారు 20 వేల కోట్ల రూపాయలకు చేరాయి. చివరికి 2017లో ఓఎన్‌జీసీ 80 శాతం వాటాను 7,738 కోట్లకు కొన్నది. జీఎస్‌పీసీ షేర్లు మార్కెట్‌లో లేవు. ఓఎన్‌జీసీ షేర్లు మాత్రం లక్షల మంది చేతుల్లో ఉన్నాయి. అంటే ఆ బిల్లులో చిన్న వాటాదారులకూ భాగం పడినట్టే.

ప్రకటనల్లో వచ్చే మాటలు

ప్రాస్పెక్టివ్ రిసోర్సెస్: బావి తవ్వకముందు వేసే అంచనా. ఇంకా ఏమీ దొరకలేదు. "50 కోట్ల బ్యారెళ్ల అవకాశం" అని పెద్ద అక్షరాల్లో వచ్చేది చాలాసార్లు ఇదే.

కంటింజెంట్ రిసోర్సెస్: దొరికింది. కానీ తీయడానికి నిధులో, అనుమతో, ధరో అడ్డుగా ఉంది. సీ లయన్ ఏళ్ల తరబడి ఈ దశలోనే ఉండిపోయింది.

రిజర్వ్స్: ఇప్పటి పరిస్థితుల్లో లాభంగా తీయగలమని లెక్క తేలినవి. ఇందులో మళ్లీ మూడు అంచనాలు. 1పీ అంటే కనీసం అంత వస్తుందన్న నమ్మకం 90 శాతం. 2పీ అంటే 50 శాతం. 3పీ అంటే 10 శాతం. కంపెనీ 3పీ అంకె ముందు పెడితే, మదుపరి 1పీ అంకె వెతకాలి.

డ్రై వెల్: ఎండు బావి. తీయదగ్గ చమురు గానీ గ్యాస్ గానీ లేనిది. అన్వేషణ బావుల్లో ఇది చాలా మామూలు. అయిదింట ఒకటి ఫలించినా మంచి ఫలితమే అనుకునే రంగం ఇది.

ఫార్మ్ అవుట్: ఖర్చు పెట్టుకునే పెద్ద కంపెనీకి వాటా ఇచ్చేయడం. మంచి వార్తే. కానీ ఆ మేరకు పాత వాటాదారుల భాగం తగ్గుతుంది.

ప్లేస్‌మెంట్: కొత్త షేర్లు జారీ చేసి డబ్బు తేవడం. అందరికంటే జాగ్రత్తగా చదవాల్సిన మాట ఇదే.

కొత్త షేర్ల లెక్క

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. కంపెనీకి 10 కోట్ల షేర్లు ఉన్నాయి. దొరికిన క్షేత్రం విలువ 300 కోట్లు అనుకుంటే ఒక్కో షేరు వంతు 30 రూపాయలు. బావి తవ్వడానికి డబ్బు చాలక కంపెనీ ఇంకో 5 కోట్ల షేర్లు అమ్మింది, ఆ డబ్బు తవ్వకానికే అయిపోయింది. ఇప్పుడు షేర్లు 15 కోట్లు, ఒక్కో షేరు వంతు 20 రూపాయలు. క్షేత్రంలో చుక్క కూడా తగ్గలేదు, పాత వాటాదారు వంతులో మూడో భాగం పోయింది.

రిగ్ అద్దె రోజుకు లక్షల డాలర్లలో ఉంటుంది. అమ్మకాలు లేని కంపెనీ ఆ డబ్బు వాటాదారుల దగ్గరే తేవాలి. కాబట్టి ఇలా షేర్లు పెరగడం ఈ రంగంలో వింత కాదు, పద్ధతి.

కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు

1. బ్యాంకులో నగదు ఎంత? ఇప్పటి ఖర్చుతో ఎన్ని నెలలు వస్తుంది?

2. మూడేళ్ల కిందట ఎన్ని షేర్లు, ఇప్పుడు ఎన్ని? ఇది వార్షిక నివేదికలో దొరుకుతుంది.

3. చెబుతున్న అంకె రిజర్వ్స్‌దా, అంచనాదా? లెక్క కట్టింది కంపెనీయా, బయటి నిపుణులా?

4. ఆస్తి ఒక్క బావేనా? అది ఎండిపోతే కంపెనీకి ఇంకేం మిగులుతుంది?

5. అమ్మే ధర ఎవరి చేతిలో ఉంది? కేజీ-డీ6 గ్యాస్ ధరను ప్రభుత్వం అయిదేళ్లపాటు 4.20 డాలర్ల దగ్గర నిలిపింది.

6. బావి ఫలితం ముందు షేరు ఇప్పటికే బాగా పెరిగిందా? అయితే మంచి వార్త ధరలో ముందే కలిసిపోయి ఉంటుంది. అప్పుడు మంచి ఫలితం వచ్చినా షేరు పడొచ్చు.

మన దగ్గర నియమాలు

భారత్‌లో ఉండేవాళ్లు విదేశీ మార్కెట్లలో షేర్లు కొనాలంటే రిజర్వ్ బ్యాంక్ సరళీకృత చెల్లింపుల పథకం కింద, ఏడాదికి 2.5 లక్షల డాలర్ల పరిమితిలో కొనొచ్చు. మన మార్కెట్‌లో ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా లాంటి ప్రభుత్వ కంపెనీలతో పాటు హిందుస్థాన్ ఆయిల్ ఎక్స్‌ప్లొరేషన్ లాంటి చిన్న ప్రైవేటు కంపెనీలూ ఉన్నాయి. పెద్ద కంపెనీకి ఉత్పత్తి ఆదాయం ఉంటుంది కాబట్టి ఒక బావి ఎండినా నిలబడుతుంది. కంపెనీ చిన్నదయ్యేకొద్దీ ఒక్కో బావి ఫలితం షేరు మీద అంత ఎక్కువగా పనిచేస్తుంది.

"ఫలానా బావిలో చమురు పడబోతోంది, రేపే కొనండి" అని వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో వచ్చే మెసేజీని నమ్మి డబ్బు పెట్టకూడదు. సలహా ఇచ్చేవాళ్లకు సెబీ నమోదు ఉందో లేదో సెబీ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. నమోదిత సలహాదారు మీదో బ్రోకర్ మీదో ఫిర్యాదు ఉంటే స్కోర్స్ పోర్టల్ ఉంది. నిజమైన బావి ఫలితం ముందు స్టాక్ ఎక్స్ఛేంజీకి చేరాలి, కంపెనీ ప్రకటనను అక్కడే చదవాలి.

ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, ఆడపిల్ల పెళ్లికి దాచిన సొమ్ము ఇలాంటి షేర్లలో పెట్టే డబ్బు కాదు. మొత్తం పోయినా ఇల్లు గడిచేంత చిన్న మొత్తం మాత్రమే పెట్టాలి. అదీ బావి ఫలితం వచ్చాక ఏం చేయాలో ముందే అనుకుని పెట్టాలి. ఎండితే ఎంత నష్టం దగ్గర బయటికి రావాలి, ఫలిస్తే ఎంత లాభం దగ్గర కొంత అమ్ముకోవాలి అన్నది కొనే రోజే కాగితం మీద రాసుకోవడం మంచిది. 2010లో 500 పెన్స్ దగ్గర సగం అమ్ముకున్నవాళ్లకు మిగిలింది, ఇంకా పెరుగుతుందని ఆగినవాళ్లకు మిగలలేదు.